ఆవిడ మాట నా నోట

కుర్చీ కాలు పొట్టిదో, నేలే ఎగుడుదిగుడుగా ఉందో, కాస్త కదిలితే చాలు టక్కుమంటోంది, విచారణ మొదలయ్యేలోగా ఏ అట్టముక్కో మడిచి కింద పెట్టాలి, మా ఆయనైతే ఈపాటికి జేబులోంచి రబ్బరు ముక్క తీసి సరిచేసి ఉండేవాడు, బస్సు డిపోలో మెకానిక్కు మరి, పొద్దున నేను బయల్దేరుతుంటే ఇవాళ నోరు ఎవరికి అద్దెకిస్తున్నారు దుబాసీ గారూ అన్నాడు, రోజూ ఏదో ఒకటి అంటాడు, పగలంతా ఊళ్ళోవాళ్ళందరి తరఫునా నేను నేను అనొస్తావు, సాయంత్రానికి నా పెళ్ళాం ఏదో వెతుక్కోవాల్సొస్తోంది అని ఒకసారి అన్నాడు, నవ్వేశాను గానీ నిజమే, మా పనిలో మొదటి నియమం అదే, ఎవరు మాట్లాడితే వాళ్ళే నేను, ఈమెకి కడుపునొప్పట డాక్టరు గారూ అనకూడదు, నాకు కడుపునొప్పిగా ఉంది డాక్టరు గారూ అనాలి, దొంగ పక్కన కూర్చుంటే దొంగతనం నేనే చేశానని చెప్పాలి, ఇవాళ కార్మిక న్యాయస్థానంలో ఇంటిపని చేసే ఒకావిడ, మన భాష మనిషి, నా పక్కనే కూర్చుంది, కూర్చుంది అనడం కూడా ఎక్కువే, కుర్చీ అంచుకి ఆనుకుని ఉంది, వీపు వెనక్కి వాల్చలేదు, ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి లేచిపోవడానికి తయారుగా ఉన్నట్టు మడమలు నేలకి తగలకుండా పెట్టుకుంది, జుట్టు ముందంతా నెరిసింది, ముంజేతి మీద పాత వాత, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో, నీళ్ళు తాగుతారా అమ్మా అన్నాను, మీరు అనేసరికి వెనక్కి తిరిగి చూసింది, నిజంగానే చూసింది, ఆ మర్యాద ఎవరికోనని, వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి వీళ్ళ భాష ఏమీ రాలేదా అమ్మా అంటే, ఎందుకు రాదు తల్లీ, వచ్చు, అని వేళ్ళు మడుస్తూ వరసగా చెప్పింది, రా, తే, ఉంచు, తుడువు, ఆపు, గిన్నెలు తియ్, పాప ఏడుస్తోంది చూడు, తలుపు తియ్, ఇప్పుడొద్దు, పడుకో, చక్కగా, ఉచ్చారణ ఒక్క చోట తప్పకుండా చెప్పింది, నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, ఇంట్లో మా అమ్మానాన్నల భాష, బడిలో వీళ్ళ భాష, రెండు భాషల మధ్యే నా బతుకు, ఆ మాటల వరస విని ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు చల్లబడింది, ఎందుకంటే ఆవిడకి వచ్చిన క్రియలన్నీ ఆజ్ఞలే, ఒక్కదానికీ నేను అనే కర్త లేదు, తెస్తాను అనడం రాదు, తే అంటే తెలుసు, వెళ్తాను అనడం రాదు, మరి ఆవిడ వీళ్ళతో ఏం మాట్లాడేది, ఏమీ మాట్లాడేది కాదు, చేసేది, అంతే, ఈ సంగతి ఎక్కడైనా రాసుకోవాలా వద్దా అనుకుంటుండగానే తలుపు తెరుచుకుంది, మేడమ్ లోపలికి వచ్చారు.

మేడమ్, మా మేడమ్, అదే బూడిదరంగు శాలువా, అదే నడక, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది, అబ్బ ఎంత మంచి పని చేశారు ఎవరోగానీ, ఈ కేసుకి సాక్షిగా ఈవిడనే పిలిచారన్నమాట, ఈవిడకంటే ఎవరు చెప్పగలరు, సాయంత్రం కాలేజీలో చరిత్ర చెప్పేవారు మాకు, నేను పగలు ఆసుపత్రిలో దుబాసీ పని చేసి ఆకలితో, నిద్రతో వెళ్ళి కూర్చుంటే ఈవిడ గొంతు వినగానే నిద్ర ఎగిరిపోయేది, బానిసత్వం రద్దైన కథ ఒక సంవత్సరమంతా చెప్పారు, ఓడ అడుగున మనుషుల్ని చెంచాల్లాగా పక్కపక్కన సర్దిన పటం గోడకి తగిలించి, ముందు దీన్ని చూడండి, నేను మాట్లాడను, అని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడిన మనిషి, ఎక్కడో దూరదేశంలో ఆడవాళ్ళు బానిసలు పండించిందని ఇళ్ళల్లో చక్కెర మానేసిన సంగతి చెబుతూ, టీ చేదుగా తాగడం కూడా రాజకీయమే అన్న మనిషి, సంకెళ్ళతో మోకరిల్లిన నల్లమనిషి బొమ్మని ఆ కాలపు మంచివాళ్ళు గుండీల మీదా గిన్నెల మీదా వేయించుకున్నారు, ఆ బొమ్మ నాకు నచ్చదు, మోకాళ్ళ మీద ఎందుకు, అతను నిలబడే అడగొచ్చుగా, అన్న మనిషి, ఆ రాత్రి ఇంటికెళ్ళి మా అక్కకి ఆ మాట చెప్పి ఇద్దరం అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం, ఆ మేడమ్ ఇప్పుడు నన్ను చూసి కళ్ళతో నవ్వి, సాక్షుల బెంచీ దాటి, దాటి, అక్కడ కాదు మేడమ్, అది అవతలి పక్షం వాళ్ళది, అని నా పెదవులు కదిలాయి కూడా, మేడమ్ శాలువా సర్దుకుని, యజమాని అని చెక్క మీద రాసి ఉన్న బల్ల వెనక కూర్చున్నారు.

నా పక్కనున్న ఆవిడ లేచి నిలబడింది, మేడమ్ వస్తే లేచి నిలబడడం ఆ కాళ్ళకి అలవాటు, కూర్చోండమ్మా అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను, న్యాయాధికారి వచ్చారు, జలుబు చేసినట్టుంది, రుమాలు బల్ల మీదే పెట్టుకున్నారు, నేను లేచి అయ్యా, ఈ మేడమ్ దగ్గర నేను చదువుకున్నాను, ముందే చెప్పడం నా విధి అన్నాను, నన్ను పంపించెయ్యండి అని లోపల లోపల బతిమాలుకుంటున్నాను, నాకేం అభ్యంతరం లేదండీ, మంచి విద్యార్థిని, నిజానికి దుబాసీయే అక్కర్లేదు, మా మనిషికి అన్నీ అర్థమవుతాయి, కావాలంటే తన తరఫున నేనే చెబుతాను అన్నారు మేడమ్, అక్కర్లేదండీ అన్నారు న్యాయాధికారి, ఆవిడని కూడా అడగమన్నారు, మీకేమైనా అభ్యంతరమా అమ్మా అంటే, నాదేముంది తల్లీ, మేడమ్ సరే అంటే సరే, అంది, అదే మాట నేను గట్టిగా, నాదేముంది, మేడమ్ సరే అంటే సరే, అని వీళ్ళ భాషలో చెప్పాను, గదిలో ఎవరూ నవ్వలేదు, మేడమ్ మాత్రం ఆప్యాయంగా తలూపారు.

ఆ ఇంట్లో ఆవిడని పిలిచే పేరుకి మన భాషలో పిల్ల అని అర్థం, మా పిల్ల మా ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి ఇంకా పాకుతోందండీ అని మేడమ్ మొదలుపెట్టారు, నేను ఆవిడ చెవి దగ్గర మన భాషలో చెబుతూ పోవాలి, ఇక్కడో చిక్కు, వీళ్ళ భాషలో ఆడమనిషికి ఉన్నది ఒకటే మాట, మన భాషలో ఆవిడ ఉంది, ఆమె ఉంది, అది ఉంది, ఏదో ఒకటి నేనే ఎంచుకోవాలి, ఆవిడకి మేం ఏ లోటూ చెయ్యలేదు అన్నాను, అంటుంటే అబద్ధం చెబుతున్నట్టు నాలుక తడబడింది, మేడమ్ గొంతులో ఆవిడ లేదు, దానికి మేం ఏ లోటూ చెయ్యలేదు అని మార్చాను, పక్కనున్న మనిషి ఏమీ అనుకోలేదు, దానికి అన్న మాట దగ్గరే తనని గుర్తుపట్టినట్టు తలూపింది, మేం తిన్నదే అది తిన్నది, మా ఇంట్లో మనిషిలాగే ఉంది, మేం దాన్ని ఒక్కనాడూ కొట్టలేదు, అవును తల్లీ, కొట్టలేదు, అని నా చెవిలో సాక్ష్యం, పాస్‌పోర్టు పోగొట్టుకుంటుందని నా బీరువాలో భద్రంగా ఉంచాను, జీతం చేతికిస్తే ఏం చేసుకుంటుంది పాపం, ఎప్పుడు ఏం కావాలంటే అది కొనిపెట్టాం, ఆ పేరేమిటండీ, పిల్ల అని, అసలు పేరు లేదా అని న్యాయాధికారి మధ్యలో అడిగారు, ఓ, అదా, అంతకుముందు మా అత్తగారి దగ్గర పనిచేసినామెని అలా పిలిచేవాళ్ళం, ఈమె వచ్చాక అదే అలవాటైపోయింది, పేరు మారిస్తే ముసలావిడ తికమకపడేది అన్నారు మేడమ్, నవ్వుతూ, అంతే, మామూలుగా, ఇంట్లో కుక్కర్ మార్చిన సంగతి చెప్పినట్టు.

కుక్కర్ ఏమిటి, నా బుర్ర పనిచెయ్యడం లేదు, ఎందుకంటే ఆ మాటలన్నీ నాకు ముందే తెలుసు, ఒక్కొక్కటీ నల్లబల్ల మీద ఇదే మేడమ్ సుద్దముక్కతో రాసినవే, యజమానులు ఏమేం వాదించారో చూడండి అని గొంతు మార్చి నటిస్తూ చెప్పేవారు, వాళ్ళు మా ఇంటి మనుషులే, మేం తిన్నదే తింటారు, మీ ఊళ్ళో మిల్లుల్లో చచ్చేవాళ్ళ కంటే మా దగ్గరే సుఖంగా ఉన్నారు, వదిలేస్తే ఎక్కడికి పోతారు పాపం, క్లాసంతా నవ్వేవాళ్ళం, బానిస పారిపోవాలనుకోవడం ఒక జబ్బని ఒక వైద్యుడు దానికి పేరు కూడా పెట్టాడని చెబితే ఒకబ్బాయి బల్ల చరిచి మరీ నవ్వాడు, మేడమ్ నవ్వలేదు, చాలా నెమ్మదిగా, నవ్వకండి, ఆయన చెడ్డవాడనుకుంటున్నారు మీరు, ఆయన చదువుకున్నవాడు, ఇంట్లో మంచి తండ్రి, అదే భయం, అన్నారు, మంచి యజమాని అనే మాట విన్నప్పుడల్లా ఒక్క ప్రశ్న వెయ్యండి, అతను మంచిగా ఉండడం మానేస్తే ఆమె ఏం చెయ్యగలదు, ఏమీ చెయ్యలేకపోతే ఆ మంచితనం ఆమెది కాదు, అతని దయ, దయ మీద బతికే మనిషిని ఏమంటారో మీకు తెలుసు, అన్నారు, ఇప్పుడు ఆ నోరే, అదే గొంతు, అదే విరుపు, అయితే ఈసారి నటించడం లేదు, ఎక్కడైనా ఆగుతారేమో, తన మాట తనకే వినపడి గొంతులో అడ్డుపడుతుందేమోనని చూస్తున్నాను, చూస్తూనే చెవిలో చెబుతున్నాను, తలుపుకి ఎప్పుడూ తాళం వెయ్యలేదండీ అంటున్నారు మేడమ్, తలుపుకి తాళం వెయ్యలేదు అంటున్నాను నేను, అవును తల్లీ, తాళం లేదు, అంటోంది ఆవిడ, మరి బయటికి ఎందుకు వెళ్ళలేదో అడగండి అన్నారు న్యాయాధికారి, వెళ్ళాను అయ్యగారూ, చెత్త వెయ్యడానికి రోజూ వెళ్ళాను, వీధి చివరిదాకా, అంది ఆవిడ, గర్వంగా.

తర్వాత మేడమ్ కూతురు వచ్చింది, ఫిర్యాదు ఇచ్చింది ఆ అమ్మాయేనని నాకప్పుడు తెలిసింది, చంకలో పసిబిడ్డ, బిడ్డని ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే మన ఆవిడ అప్పటికే లేచి చేతులు చాపేసింది, అమ్మాయి ఇవ్వబోయి, వద్దు, అని గట్టిగా అంది, మళ్ళీ, వద్దు, నువ్వు కూర్చో, అని ఏడ్చింది, చివరికి గుమాస్తా ఎత్తుకున్నాడు, ఏం చెప్పాలో నాకు సరిగ్గా తెలియదండీ, అని మొదలుపెట్టింది అమ్మాయి, నన్ను పెంచింది ఆవిడే, జడ వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, నాకు అమ్మ కంటే ఆవిడ వాసనే బాగా తెలుసు, ఎప్పుడూ ఏమీ తప్పనిపించలేదు, ఆవిడ ఇల్లు ఎక్కడ, ఆవిడకెవరున్నారు అని అడగాలని కూడా తోచలేదు, గోడని ఎవరూ అడగరు కదా, నాకు పాప పుట్టాక అమ్మ చూడ్డానికొచ్చి, నీకు ఒక్కదానికే కష్టం, మన పిల్లని నీకు ఇచ్చేస్తున్నాను, ఇంక నీ దగ్గరే ఉంచుకో, అంది, ఇచ్చేస్తున్నాను అంది, అప్పుడు పాపకి పాలిస్తున్నాను, పాప నా చేతిలోంచి జారిపోతుందేమోనని భయమేసింది, అమ్మా, ఇచ్చేయడమేంటి అన్నాను, అదేంటే, నీ పెంపకమంతా దాని చేతుల్లోనే అయింది, దానికీ సంతోషమే, అంది, అడిగావా అన్నాను, ఏమని అడగాలి అంది అమ్మ, అంతేనండీ, అమ్మ నన్ను చూసిన చూపు, ఏమని అడగాలో నిజంగా తెలియని చూపు, మర్నాడు ఇక్కడికొచ్చాను.

ఇచ్చేస్తున్నాను, నేను ఆ మాట చెవిలో చెప్పాలి, దాన్ని నీకు ఇచ్చేస్తున్నాను, చెప్పాను, ఆవిడ ముఖం కాస్త వెలిగింది, బుజ్జమ్మ దగ్గరికా, ఎప్పుడు, అంది, మేడమ్ కూతుర్ని ఆవిడ పిలిచే పేరు అది, ఇది జరిగిపోయిన సంగతి అమ్మా, సాక్ష్యం చెబుతోంది అన్నాను, అలా చెప్పడం నా పని కాదు, చెప్పేశాను, నాకు మేడమ్ చెప్పిన ఇంకో పాఠం అడ్డొస్తోంది, ఒక చోట చట్టంతో బానిసత్వం రద్దు చేసి కూడా, ఒక్కసారిగా వదిలితే పాడైపోతారని, ఇంకొన్నేళ్ళు అదే దొరల పొలాల్లో పని నేర్చుకునేవాళ్ళు అనే పేరుతో ఉంచారట, పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనినే నేర్చుకోవాలట, పరిహారం మాత్రం ఇచ్చారు, దొరలకి, పోగొట్టుకున్నది వాళ్ళే కదా అన్నారట, ఆ రోజు మేడమ్ సుద్దముక్క పడేసి, పోగొట్టుకున్నది వాళ్ళా, అని అరిచారు, ఆ అరుపు నాకు ఇప్పటికీ వెన్నులో ఉంది, ఇదిగో ఈ గదిలో ఉంది, వీళ్ళెవరికీ వినపడడం లేదు.

ఎప్పుడైనా ఇంటికి వెళ్తానని అడిగిందా అని న్యాయాధికారి మేడమ్‌ని అడిగారు, ఒక్కసారండీ, వాళ్ళమ్మకి బాగోలేదని కబురొస్తే వెళ్తానంది, నేను కాదనలేదు, కాస్త ఆగమన్నాను, సరిగ్గా మా అమ్మాయి స్కూలు చివరి పరీక్షలు, ఇల్లు ఎవరు చూస్తారు, ఈలోగా వాళ్ళమ్మ పోయిందని ఫోనొచ్చింది, ఫోను నేనే తీశాను, ఇప్పుడు చెబితే ఏడుస్తుంది, అమ్మాయి చదువు పాడవుతుంది, ఎలాగూ చివరిచూపు దక్కదు, పరీక్షలయ్యాక నిదానంగా కూర్చోబెట్టి చెప్పాను, ఆ రోజంతా పని కూడా చెప్పలేదు, అని మేడమ్ చెబుతున్నారు, నేను చెవిలో చెబుతున్నాను, మాట వెంట మాట, మా పనిలో ఆలోచన కంటే నాలుక ముందు నడుస్తుంది, ఈలోగా వాళ్ళమ్మ పోయిందని ఫోనొచ్చింది, ఫోను నేనే తీశాను, పరీక్షలయ్యాక చెప్పాను, అని నా గొంతుతో, మన భాషలో, నేను అంటూ, చెప్పేశాక గానీ నాకు అర్థం కాలేదు, ఈవిడకి ఈ సంగతి తెలియదని, తల్లి పోయిందని తెలుసు, ఎప్పుడు పోయిందో తెలియదు, నేనే చెప్పాను, ఇప్పుడే, ఈ నోటితోనే, చెప్పిన మాట వెనక్కి రాదు, మేడమ్ అవతల బల్ల దగ్గర ఇంకా ఏదో చెబుతున్నారు, నేను అనువాదం ఆపేశాను, మొదటిసారి నా జీవితంలో నోరు ఆగిపోయింది, ఆవిడ నావైపు తిరిగింది, ఏ పరీక్షలు తల్లీ, అంది, బుజ్జమ్మ పెద్ద పరీక్షలా, అప్పుడు నేను రోజూ తెల్లారగట్లే లేచి పాలు కాచి ఇచ్చేదాన్ని, పొయ్యి ముందు నిలబడి మా అమ్మకి నయం చెయ్యి దేవుడా అని దణ్ణం పెట్టుకునేదాన్ని, అప్పటికే పోయిందా, అంది, పాలు పొంగకుండా చూసుకుంటూ దణ్ణం పెట్టుకునేదాన్ని తల్లీ, అప్పటికే పోయిందా, అంది మళ్ళీ, ఏమంటోందో చెప్పండి అన్నారు న్యాయాధికారి, నేను లేచి నిలబడి, వీళ్ళ భాషలో, పాలు పొంగకుండా చూసుకుంటూ నేను దణ్ణం పెట్టుకునేదాన్ని, అప్పటికే మా అమ్మ పోయిందా, అని అడిగాను, బెంచీ మీంచి మేడమ్ కూతురు అమ్మా అని ఒక్క కేక వేసింది, ఎవరిని పిలిచిందో ఏమో, ఇద్దరూ తలెత్తారు.

కాసేపు విరామం ఇచ్చారు, నడవాలో నీళ్ళ కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే మేడమ్ పక్కకొచ్చి నిలబడ్డారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజంగా ఏడ్చిన కళ్ళే, నువ్వైనా దానికి సరిగ్గా చెప్పు, దాని భాష వచ్చినదానివి, నేను దాని మంచికే చేశాను, నీకు నేను తెలుసు కదా, అన్నారు, విచారణ మధ్యలో నేను ఎవరితోనూ మాట్లాడకూడదు మేడమ్ అన్నాను, అదే నియమం, అయినా నీళ్ళు కారుతున్న ముఖంతోనే మాట జారిపోయింది, మీరు మాకు చెప్పిన పాఠం మేడమ్, మంచి యజమాని గురించి, అన్నాను, మేడమ్ నన్ను చాలాసేపు చూశారు, ఆ చూపులో కోపం వెతికాను, సిగ్గు వెతికాను, రెండూ లేవు, నిజమైన ఆశ్చర్యం ఉంది, అది వేరు, ఇది వేరు, అన్నారు, నువ్వు దానికీ దీనికీ పోలిక పెడుతున్నావా, వాళ్ళని ఓడల్లో కట్టేసి తెచ్చారు, సంతలో అమ్మారు, నేను నా జీవితమంతా దాని మీదే పనిచేశాను, నేను దీన్ని ప్రేమించాను, అన్నారు, అబద్ధం కాదు, ప్రేమించే ఉంటారు, అదే నాకు కాళ్ళ కింద నేల లేకుండా చేసింది, అంతసేపూ మేడమ్ అబద్ధమాడుతున్నారని, లోపల ఎక్కడో తెలుసని, తెలిసీ దాస్తున్నారని నన్ను నేను ఓదార్చుకుంటున్నానేమో, దాయడానికి అక్కడ ఏమీ లేదు, ఆ పుస్తకాలన్నీ చదివి, ఆ పటం చూపించి కిటికీ దగ్గర కళ్ళు తుడుచుకుని, ఇంటికెళ్ళి, తలుపు తియ్, అని ఉంటారు, తలుపు తెరుచుకుని ఉంటుంది, తెరిచిన చెయ్యి కనపడి ఉండదు.

మళ్ళీ లోపలికి పిలిచారు, న్యాయాధికారి ముక్కు తుడుచుకుని, తీర్పు తర్వాత సంగతి, ముందు ఈవిడ ఇవాళ ఎక్కడికి వెళ్ళాలో తేలాలి, పాస్‌పోర్టు తెప్పిస్తున్నాం, సొంత ఊరికి పంపించే ఏర్పాటు ఉంది, ఇక్కడే ఉంటానంటే ఆడవాళ్ళ వసతిగృహంలో గది ఉంది, వేరే చోట పని చూసుకుంటానన్నా సాయం చేస్తాం, మీకేం కావాలో అడగండి అన్నారు, నేను ఆవిడ వైపు తిరిగేలోపే మేడమ్ అందుకున్నారు, ఊళ్ళో దానికెవరున్నారండీ, రెండు రోజుల్లో మా ఇంటికే వచ్చేస్తుంది చూడండి, దాని మనసు నాకు తెలుసు, ఆ మాట పూర్తవకుండానే కూతురు లేచి నిలబడింది, లేదండీ, ఆవిడ నాతో వస్తుంది, మా ఇంట్లో గది ఇస్తాను, పని చెయ్యక్కర్లేదు, నా సొంత అమ్మలాగా చూసుకుంటాను, ఆవిడకీ నా దగ్గరే ఇష్టం, నాకు తెలుసు, అంది, ఏడుపు గొంతుతో, మంచి అమ్మాయి, నిజంగానే మంచి అమ్మాయి, నాకూ లోపల్నుంచి ఒక మాట తన్నుకొస్తోంది, మీ ఊరు వెళ్ళిపోండమ్మా, మీ అమ్మ సమాధి దగ్గరికైనా వెళ్ళండి, అదే కదా మీ మనసులో ఉన్నది, అనబోయాను, నోరు తెరిచాను కూడా, న్యాయాధికారి చెయ్యెత్తారు, మేడమ్ వైపు, కూతురి వైపు, నా వైపు కూడా, నేను అడిగింది ఆవిడని, అన్నారు, అప్పుడు అడిగాను, ఊరు, వసతిగృహం, వేరే పని, మీ బుజ్జమ్మ ఇల్లు, అన్నీ విడివిడిగా చెప్పి, మీకేం కావాలి అమ్మా అని, చెప్పి ఊరుకున్నాను, ఆవిడ మేడమ్ వైపు చూసింది, అలవాటు, మేడమ్ నుంచి చూపు బుజ్జమ్మ మీదికి, అక్కణ్నుంచి నా మీదికి, నేను కళ్ళు దించుకున్నాను, నా ముఖంలో కూడా ఒక ఆజ్ఞ ఉందేమోనని భయమేసింది, గుమాస్తా రాయడం ఆపాడు, గుమాస్తా బల్ల పక్కన విరామంలో తెచ్చిపెట్టిన ఉయ్యాలబుట్టలో పాప నిద్రపోతోంది, ఇంతమంది పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఒక్క మనిషి నోటివైపు చూస్తూ కూర్చున్నాం, ఆవిడకి అది అర్థమైనట్టుంది, మెల్లగా, చాలా మెల్లగా మడమలు నేలకి ఆనించి, వీపు కుర్చీకి వాల్చి, ఆలోచించుకుని చెప్తాను, అంది.

ఆలోచించుకుని చెప్తాను, అని నేను వీళ్ళ భాషలో చెప్పాను, సరే, ఆలోచించుకోండి, ఎప్పుడు చెబితే అప్పుడే వింటాం, అన్నారు న్యాయాధికారి, మేడమ్ ముఖంలో విచారణ మొదలైనప్పటి నుంచి మొదటిసారి ఏదో పగిలింది, దెబ్బలు లేవన్నప్పుడు పగలనిది, తల్లి చావు బయటపడ్డప్పుడు పగలనిది, ఈ చిన్న మాటకి పగిలింది, పిల్ల ఆలోచించుకుంటుందట, ఏం ఆలోచించుకుంటుందో మేడమ్‌కి తెలియదట, ఆ ముఖం చూస్తుంటే నాకు ఓడలూ సంకెళ్ళూ సంతలూ చక్కెర మానేసిన ఇళ్ళూ చట్టాలూ అన్నీ ఒక్క చోటికి వచ్చి ఆగిపోయాయి, కొట్టారా లేదా, తిండి పెట్టారా లేదా, తాళం ఉందా లేదా, ప్రేమించారా లేదా, ఇన్నాళ్ళూ మేం అందరం తప్పు చోట వెతుకుతున్నాం, ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎవరూ, ఒక్క క్షణం, ఆవిడ జవాబు కోసం ఆగాల్సిన అవసరం రాలేదు, బానిసత్వమంటే అంతే, మిగిలినవన్నీ దాని పనిముట్లు.